ఆరో మెట్టు

మా ఊరి కోటలో నాలుగు రాతి తోరణాలున్నాయి. కాకతీయుల నాటివి. వాటి నడుమ ఉండిన స్వయంభూ శివాలయం శిథిలమైపోయినా తోరణాలు మాత్రం నిలబడే ఉన్నాయి. ఇక వాటిని చూసి పోతపోసిన సిమెంటు తోరణాలు వరంగల్లు, హనుమకొండ, కాజీపేటల్లో ఎన్ని ఉన్నాయో నేను లెక్కపెట్టలేదు. పెళ్ళి పందిళ్ళ ముందు థర్మకోలుతో చేసి నిలబెట్టేవి సరేసరి. చిన్నప్పటి నుంచీ నాకు వాటి మీద చిన్నచూపు. "అసలుది ఊళ్ళోనే ఉండగా ఈ నకళ్ళెందుకండీ?" అని కనపడ్డవాళ్ళనల్లా అడిగేవాణ్ణి.

ఆ చిన్నచూపు మొన్న మాఘమాసంలో వదిలింది. వదిలించింది మా వదిన.

ఆ సంగతి చెప్పేముందు మా అన్నయ్యను గురించి నాలుగు ముక్కలు మనవి చేసుకోవాలి. అన్నయ్య పగలు గుమాస్తా, రాత్రి ఆర్కెస్ట్రా. పెళ్ళిళ్ళకీ, గణపతి పందిళ్ళకీ పరకాల, ములుగు, నర్సంపేట, జనగామ తిరిగి వాయించేవాడు. మొదట్లో హార్మోనియమే. 1986లో వదిన తమ్ముడు దుబాయి నుంచి సెలవుకు వస్తూ ఒక పొడుగాటి పెట్టె పట్టుకొచ్చాడు. జపానులో రోలాండ్ వారు 1984లో విడుదల చేసిన జూనో-106 అనే సింథసైజరు అది. అరవై ఒక్క మెట్లు, వరసగా జరుపుడు మీటలు. ఆ రోజు మా వీధి వీధంతా మా వసారాలోనే ఉంది.

ఆ పెట్టె పనిచేసే తీరు ఒక్కటి తెలిస్తే గాని ఈ కథ అర్థం కాదు. అందులో ఆరు గొంతులు ఉంటాయి. అంటే ఏకకాలంలో ఆరు స్వరాలు పలుకుతాయన్న మాట. ఒక్కొక్క గొంతుకీ లోపల వేరువేరు సరంజామా. ఒక మెట్టు నొక్కితే మొదటి గొంతు పలుకుతుంది. ఇంకో మెట్టు నొక్కితే రెండోది. ఇల్లా ఆరూ అయ్యాక మళ్ళీ మొదటికి వస్తుంది. ఆరుగురు పాటగాళ్ళు వరసగా కూర్చుని వంతులవారీగా ఒక్కొక్క స్వరం అందుకున్నట్టు. అందరి గొంతూ ఒక్క తీరుగా ఉంటుంది గనుక వినేవాడికి ఈ వంతుల సంగతి తెలియదు.

1988లో, నర్సంపేటలో ఒక పెళ్ళికి పోతూ, ఆ పెట్టెను బస్సు మీదికెక్కించి తాడు కట్టింది నేను. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్ళు. ముడి సరిగా పడలేదు. ఒక గతుకు దగ్గర పెట్టె కింద పడింది. అన్నయ్య దిగి, దుమ్ము దులిపి, పందిట్లో తీగలు తగిలించి చూస్తే అయిదుగురు పాటగాళ్ళు పలికారు, ఆరోవాడి గొంతు పోయింది. ఏ మెట్టు నొక్కినా సరే, ఆరోసారి నొక్కింది పలకదు.

అన్నయ్య నన్ను ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే నన్ను ఇన్నేళ్ళూ కాల్చింది.

ఆ తరవాత ఆయన ఆనందభైరవిలో ఒక చిన్న బాణీ కట్టాడు. తలంబ్రాలప్పుడు వాయించడానికి. రూపక తాళం. అంటే ఆవృత్తానికి ఆరు అక్షరాలు. అక్షరానికొక స్వరం. అయిదు పలుకుతాయి, ఆరోది మెట్టు నొక్కినా పలకదు. ఆ ఖాళీలో పెళ్ళికూతురి నవ్వూ, తలంబ్రాల బియ్యం పళ్ళెంలో రాలే చప్పుడూ వినబడేవి. వాయించే ముందు అన్నయ్య శబ్దం తగ్గించి, తల వంచి నాలుగైదు మెట్లు నొక్కేవాడు. చూసేవాళ్ళు దండం పెట్టుకుంటున్నాడనుకునేవారు. చచ్చిన గొంతు ఎక్కడ ఉందో వెతుక్కుంటున్నాడని నాకొక్కడికే తెలుసు.

1995 ప్రాంతంలో ఆర్కెస్ట్రా ఆగిపోయింది. పెట్టెను ఎవరికో అమ్మేశారు. నాలుగేళ్ళ కిందట అన్నయ్యా పోయాడు.

నిరుడు అన్నయ్య చిన్నమ్మాయికి సంబంధం కుదిరింది. లగ్నం పెట్టుకున్న రోజునే ఆ పిల్ల నా దగ్గరికి వచ్చింది. "బాబాయ్, నాకు నగలు తక్కువైనా ఫరవాలేదు. తలంబ్రాలప్పుడు నాన్న పాట కావాలె" అంది.

"కేసెట్టు ఉంది గదమ్మా" అన్నాను.

కేసెట్టు ఉంది గాని, టేపు సాగిపోయి శ్రుతి కిందికి జారింది. డోలక్ మోత మధ్య పాట సగమే వినబడుతుంది. రెండో చరణంలో ఎవరో "నీళ్ళు, నీళ్ళు" అని అరుస్తారు. రెండో వైపు తిప్పితే చెవులు చిల్లులు పడే కీచురొద. అది చెడిపోయిన టేపు కాదని మా అబ్బాయి చెప్పాడు. జూనోలో దాచుకున్న శబ్దాల లెక్కలన్నీ కేసెట్టు మీదికి ఎక్కించుకునే వీలుండేదట. ఆ కీచురొదలోనే అన్నయ్య మీటలన్నీ ఎక్కడెక్కడ పెట్టాడో రాసి ఉందన్న మాట! కాని టేపు అంతగా సాగాక ఆ లెక్క తిరిగి చదవడం మావాడి వల్ల కాలేదు.

ఇక ఉన్న దారి ఒక్కటే, ఆ పాటను మళ్ళీ వాయించడం. పాత జూనో కొందామంటే దొరికేవి ముప్పై, నలభై ఏళ్ళవి. ధర చూస్తే పెళ్ళి మండపం గుర్తుకొచ్చింది. "సాఫ్టువేరులో తీసుకుందాం నాన్నా. కంప్యూటరే జూనో అవుతుంది" అన్నాడు మావాడు.

"నకలా?" అన్నాను, తోరణాల మాట గుర్తుకొచ్చి.

"నాగిన్ సినిమాలో నాగస్వరం విన్నావు గదా? అదేమిటి మరి?" అన్నాడు.

నిజమే. 1954లో వచ్చిన ఆ హిందీ సినిమాలో ఊరూరా పాముల్ని ఆడించిన ఆ నాదం పాములవాడి బూరది కానే కాదు. క్లేవియోలైన్ అనే విద్యుత్ వాద్యం మీద కల్యాణ్‌జీ వాయించింది. మనమంతా ఇన్నేళ్ళూ నకలు విని తల ఊపాం. ఆ మాటకొస్తే ఇవాళ కచేరీల్లో వేదిక మీద తంబూరా పక్కన కనబడే చిన్న శ్రుతి పెట్టె మాత్రం ఏమిటి?

నేను లొంగిపోయాను. పెళ్ళికి నెల్లాళ్ళుంది. ఆ నెలా నేను నేర్చుకున్నది ఇంకెవరికైనా పనికివస్తుందేమోనని రాస్తున్నాను.

మొదట తెలుసుకోవలసింది, నకలంటే దేనికి నకలు అన్నది. పాత పెట్టెలన్నీ ఒక్క జాతివి కావు. 1970 నాటి మినీమోగ్ ఉంది. దాన్ని చేసిన రాబర్ట్ మోగ్ గారి ఇంటి పేరు మోగ్ అనే పలకాలట. వాద్యం చేసేవాడికి అంతకన్న మంచి పేరుంటుందా! మేం మాత్రం ఇన్నాళ్ళూ మూగ్ అని ఆయన్ని మూగవాణ్ణి చేశాం. అది ఒకసారి ఒకే స్వరం పలుకుతుంది గాని, మూడు తరంగాలు కలిసి నాదం చిక్కగా ఉంటుంది. 1978లో వచ్చిన ప్రాఫెట్-5కి అయిదు గొంతులు. 1981 నాటి జూపిటర్-8కి ఎనిమిది. మన దేశానికీ ఇవి కొత్త కాదు. 1969లోనే అహమదాబాదు డిజైన్ సంస్థలో అమెరికా వాద్యకారుడు డేవిడ్ ట్యూడర్ మోగ్ యంత్రం నిలబెట్టాడు. 1982లో చరణ్‌జీత్ సింగ్ జూపిటర్-8 మీద పది రాగాలు వాయించి రికార్డు తెచ్చాడు. అది చాలా ఏళ్ళు మరుగున పడి ఉండి, తరవాత ప్రపంచమంతా వెతుక్కుని విన్నది.

జూనో వీటన్నిటికన్న నిరాడంబరమైంది. గొంతుకొక్క తరంగమే. కాని దానికి రెండు సుగుణాలు. తరంగం పుట్టుక మీద అంకెల గడియారం కాపలా ఉంటుంది గనుక ఎండకి శ్రుతి జారదు. మే నెల షామియానా కింద మినీమోగ్‌కి ఆ ధీమా లేదు. రెండోది కోరస్ అనే మీట. అది వేస్తే ఒక్క గొంతు పదిమంది కలిసి పాడినట్టు విచ్చుకుంటుంది. వెంట కొంచెం 'ష్' మనే రొద కూడా వస్తుంది, దూరాన చెరువు మీద వాన పడుతున్నట్టు.

అంచేత మొదటి సూత్రం: మీ చెవిలో ఉన్న నాదం ఏ పెట్టెదో ముందు తేల్చుకోండి. ఊరికే పేరున్నది కొంటే, పప్పు కోసం వెళ్ళి పనసకాయ తెచ్చుకున్నట్టవుతుంది.

రెండోది కంప్యూటరు బలం. పాత పెట్టెలో విద్యుత్తే తరంగమై, జల్లెడలో పడి, హెచ్చి తగ్గి బయటికి వస్తుంది. సాఫ్టువేరులో ఇదంతా అంకెలు. సెకనుకి 44,100 సార్లు లెక్క కట్టాలి. ఎంత నిజాయితీగా కడితే అంత శ్రమ. బెర్లిన్‌లో యూ-హి అనేవారు 2011లో తెచ్చిన డీవాలో రకరకాల పాత పెట్టెల భాగాలు కలిపి జూనో లాంటిది కూడా కట్టుకోవచ్చు. వినడానికి ఎంతో బాగుంది. కాని మా ఇంట్లోది అబ్బాయి ఇంటర్మీడియెట్ నాటి కంప్యూటరు. పాపం, ఆ బరువు మోయలేక ఫ్యాను గాలిలోకి లేచేటట్టు అరిచింది. తప్పు కంప్యూటరుదే.

మూడోది ఆలస్యం. మెట్టు నొక్కిన తరవాత శబ్దం రావడానికి కంప్యూటరు కొంత వ్యవధి తీసుకుంటుంది. ఒక్కసారికి 1,024 లెక్కలు పోగుచేసి పంపితే సెకనులో నలభయ్యో వంతు దాకా పడుతుంది. అంతేనా అనకండి. తలుపు తట్టాక ఇంటావిడ వచ్చి తీసినట్టుంటుంది, తాళం నిలవదు. 256కి తగ్గిస్తే ఆరు మిల్లీ సెకన్ల లోపే వస్తుంది, వేలికి తెలియదు. అందుకోసం బయట తగిలించే చిన్న ఆడియో పెట్టె ఒకటి కావలసి వచ్చింది. ఎల్లాగూ నొక్కడానికి మెట్ల పలక కొనాలి గదా. ఆ రెంటి ఖర్చూ ముందే లెక్కలో వేసుకోవాలి.

నాలుగోది, నమూనా ప్రతి తెచ్చుకుని మన పాటే వాయించి చూడాలి. అందులో వాళ్ళు అమర్చి ఇచ్చే శబ్దాలు పెళ్ళిచూపుల్లో పట్టుచీర లాంటివి. అన్నీ బాగుంటాయి. పై స్థాయి స్వరాలు నొక్కి, శ్రుతి మీట వంచి చూడాలి. లెక్క సరిగా కట్టనిది అక్కడ బయటపడుతుంది, అసలు స్వరం పైకి పోతుంటే వెనక ఏదో దొంగ స్వరం కిందికి దిగుతుంది.

జూనోకి నకళ్ళు బోలెడున్నాయి. రోలాండ్ వారే తమ పాత పెట్టెని తామే సాఫ్టువేరుగా ఇస్తున్నారు. ఫ్రాన్సులో గ్రెనోబుల్ నుంచి ఆర్టూరియా వారిది ఒకటి. టాల్ అనేవారు జూనో-60కి చేసింది ఒకటి. 2020లో చెర్రీ ఆడియో వారు మా 106నే చూసి చేసింది ఇంకొకటి. ఏమీ కొననక్కరలేదనుకునే వారికి సర్జ్ అనే ఉచిత వాద్యం ఉంది. అది దేనికీ నకలు కాదు గాని, ఓపికుంటే ఏ నాదమైనా దాంట్లో మలుచుకోవచ్చు. కొన్నిటికి నెలనెలా చందా, కొన్నిటికి ఒక్కసారే సొమ్ము. సంవత్సరానికి ఒక పెళ్ళిలో వాయించేవాడు చందాల జోలికి పోకపోవడం మంచిది.

చివరికి మూడు మిగిలాయి. ఏది అన్నయ్యది? నేను ఒకటంటే మావాడు ఇంకొకటన్నాడు. బొమ్మ చూస్తూ వింటే చెవి మోసపోతుంది. తెర మీద అచ్చం పాత పెట్టెలాగే, చెక్క అంచులతో సహా గీసి పెట్టింది ఏదో, అదే బాగున్నట్టు తోస్తుంది. గట్టిగా మోగేది కూడా మంచిదనిపిస్తుంది. అందుకని మావాడు మూడింటి శబ్దమూ ఒక్క మట్టానికి తెచ్చాడు. పరీక్ష పెట్టవలసింది ఎవరికో ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

వదిన వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. "పెద్దమ్మా, మూడుసార్లు వాయిస్తం. పెద్దనాన్న పెట్టె ఏదో చెప్పు" అన్నాడు మావాడు. మధ్యలో పరదా వేసి నేను వాయించాను.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. నేను వాయించేటప్పుడు ఆరో స్వరం కూడా వాయించాను. సాఫ్టువేరులో ఆరు గొంతులూ నిక్షేపంగా ఉన్నాయి. ముప్పై ఏళ్ళకి పైగా నా వల్ల అన్నయ్య పాటలో ఒక స్వరం లేకుండా పోయింది. ఇప్పుడు దాన్ని తెచ్చి ఆ స్థానంలో పెట్టగలిగాను. ఈ యావత్తు ప్రయాసలో నా స్వార్థం అదే.

మూడూ అయ్యాయి. వంటింట్లోంచి మాట లేదు. కాసేపటికి వదినే పరదా తీసుకుని వచ్చింది.

"రెండోది" అంది. "చప్పుడు ఆయనదే. పాట ఆయనది కాదు."

"అదేంది పెద్దమ్మా?" అన్నాడు మావాడు.

"ఆయన అయిదు కొట్టి ఆగుతుండె. మీ నాన్న ఆగుతలేడు."

ఇక నా వల్ల కాలేదు. "వదినా, అన్నయ్య తనంత తాను ఆగింది కాదు. అక్కడ పలకేది కాదు. నర్సంపేట బస్సు మీద ఆ తాడు కట్టింది నేను. నా మూలంగానే ఆ గొంతు పోయింది" అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

వదిన నా మొహం చూసి నవ్వింది. "తెల్వదా నాకు? ఆ రాత్రి ఇంటికి రాంగనే చెప్పిండు. తమ్మునికి ముడి వేసుడు రాదు, వాణ్ని ఏమనకు, బస్సుల పొడుగూత ఏడ్సిండు అన్నడు."

లోపలికి పోయి ఒక బిస్కట్ల డబ్బా తెచ్చింది. అందులో పాత నాణేలు, రెండు హార్మోనియం రీడ్లు, వెండి కాగితంలో చుట్టిన నల్లటి బిళ్ళ ఒకటి ఉన్నాయి. ఆ బిళ్ళ జూనో గొంతుది. కొత్తది, ఎన్నడూ వాడనిది.

"మా తమ్ముడు మరుసటి యేడే దుబాయిల కొని పంపిండు. హైదరాబాదుకు తీసుకపోయి వేపియ్యమన్న. ఇయ్యాల రేపంటనే ఉండె. ఒకనాడు గట్టిగ అడిగితే, వద్దు, ఆ ఆగుడు లేకపోతే పాటల ఊపిరి ఉండదు అన్నడు."

నేను ఆ బిళ్ళను చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. నేను పోగొట్టాననుకున్నదాన్ని ఆయన తనంత తాను ఉంచుకున్నాడు. పోయిన వస్తువు తిరిగి ఇస్తున్నాననుకుంటూ, ఉన్న పాటను నేను పాడుచేయబోయాను.

వదిన మెచ్చిన రెండోది మూడింటిలోకీ చవకైనది. దాని పేరు రాయను. మీ ఇంటి వదిన ఇంకొకటి మెచ్చవచ్చు. అందులో కోరస్ వెంట వచ్చే ఆ రొద కూడా ఉంది; వద్దనుకుంటే తీసెయ్యడానికి మీట కూడా ఉంది. మావాడు శుభ్రం చేద్దామని తీసేయబోతే నేనే వారించాను.

మాఘమాసంలో, హనుమకొండలో, థర్మకోలు కాకతీయ తోరణం ఉన్న మండపంలో పెళ్ళి జరిగింది. తలంబ్రాల పళ్ళేలు రాగానే నేను శబ్దం తగ్గించి, తల వంచి నాలుగైదు మెట్లు నొక్కాను. అవసరం లేదు. అందులో వెతుక్కోవడానికి చచ్చిన గొంతేమీ లేదు. అయినా నొక్కాను. పక్కనున్న పురోహితుడు నేను దండం పెట్టుకుంటున్నాననుకున్నాడు. ఈసారి ఆయన అనుకున్నది నిజమే.

అయిదు స్వరాలు వాయించి, ఆరో మెట్టు మీద వేలుంచి, నొక్కకుండా ఆగాను. ఆ ఖాళీలో ముందు సన్నగా వాన రొద, తరవాత అమ్మాయి నవ్వు, ఆ వెంటనే పళ్ళెంలో బియ్యం రాలిన చప్పుడు.

పందిట్లో అంతమందిలో వదిన ఒక్కతే వేళ్ళ మీద తాళం లెక్కపెట్టుకుంటూ, సరిగా ఆరు దగ్గర తల ఊపింది.